బొంబాయి డాక్‌యార్డు యంత్రశిల్పి అర్దసీర్ కర్సెట్‌జీ వాడియా

నౌకల ప్రసక్తి వచ్చినప్పుడు వాటిని నడిపిన నావికులను, వాటిపై నిలిచి యుద్ధం చేసిన సేనానులను తలచుకొనుట లోకంలో ఆచారం. ఓడ రేవుకు చేరిన పిమ్మట దాని గర్భంలోని ఇంజనును విప్పి, బాయిలరును పైకెత్తి, అరిగినదానిని మార్చి, మరల యథాస్థానంలో దింపి, ఇక బయలుదేరవచ్చునని పూచీపడే మనిషిని తలచుకొనేవారు తక్కువ. ఆయన పేరు ఓడ మీద ఉండదు, యుద్ధ చరిత్రలో ఉండదు. పందొమ్మిదవ శతాబ్ది తొలి అర్ధభాగంలో, ఈస్టిండియా కంపెనీ నౌకాదళానికి ఆధారమైన బొంబాయి డాక్‌యార్డులో అట్టి బాధ్యతను వహించిన భారతీయుడు అర్దసీర్ కర్సెట్‌జీ వాడియా. విజ్ఞానశాస్త్రం చదివే విద్యార్థులు ఆయనను గురించి తెలుసుకొనడం అవసరమని భావించి ఈ వ్యాసానికి పూనుకొన్నాను.

వాడియా అనే మాటకు గుజరాతీ భాషలో ఓడలు కట్టేవాడని అర్థం. ఇంటిపేరుగా మారకముందు అది వృత్తి పేరు. ఈ వంశానికి మూలపురుషుడైన లవ్‌జీ నుస్సర్వాన్‌జీ సూరత్ పట్టణంలో పారశీక మతస్థుడైన వడ్రంగి. 1736లో కంపెనీవారు ఆయనను కొందరు పనివారితో సహా బొంబాయికి రప్పించారు. ఆనాటి నుండి నూరేండ్లకు పైగా ఆ డాక్‌యార్డులో ప్రధాన నిర్మాత పదవి తండ్రి నుండి కొడుకుకు, అన్న నుండి తమ్మునికి ఆ కుటుంబంలోనే సాగింది. మలబారు టేకుతో వారు కట్టిన ఓడలు ఓక్ కలపతో కట్టిన ఆంగ్లేయుల ఓడల కంటె ఎక్కువకాలం మన్నినవని పేరుపొందాయి. 1817లో జమ్‌షెట్‌జీ బొమన్‌జీ కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇప్పటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో నీటిపై తేలుతూ ఉన్నది. 1842లో చైనాతో నాన్‌కింగ్ సంధి జరిగిన కార్న్‌వాలిస్ నౌక కూడ ఈ కుటుంబం కట్టినదే. ఆ సంధి న్యాయమైనదా కాదా అన్నది వేరు విషయం. ఓడ మాత్రం గట్టిది.

ఇట్టి ఇంట అర్దసీర్ 1808వ సంవత్సరం అక్టోబరు 6వ తేదీన జన్మించారు. తండ్రి కర్సెట్‌జీ రుస్తమ్‌జీ కూడ డాక్‌యార్డులో నిర్మాతయే. పదునాలుగవ ఏట, 1822లో, కుమారుడు తండ్రి వెంట పనిలో ప్రవేశించాడు. వంశాచారం ప్రకారం ఆ బాలుడు నేర్వవలసినది బాడిస, ఉలి, కొలబద్ద; దుంగను చూచి అందులో దాగిన ఓడ పక్కటెముకను గుర్తించగల కన్ను. అవి ఆయన నేర్చారు. కాని ఆయన మనస్సు కొయ్య మీద నిలువలేదు. లోకం అప్పుడే ఆవిరి వైపు తిరుగుతూ ఉన్నది.

ఆ మలుపు ఎట్టిదో కొంచెం వివరించకపోతే అర్దసీర్ జీవితం అర్థం కాదు. 1829లో బొంబాయి డాక్‌యార్డులోనే హ్యూ లిండ్సే అనే 411 టన్నుల ఆవిరి ఓడను నిర్మించారు. నిర్మాత నౌరోజీ జమ్‌షెట్‌జీ, ఈ వంశంవారే. అందులో అమర్చిన రెండు ఇంజన్లు ఇంగ్లండు నుండి వచ్చినవి. 1830 మార్చి 20న అది సూయజ్‌కు బయలుదేరింది. ఏడెన్ వరకు అవసరమైన బొగ్గును నింపగా నింపగా చివరకు ప్రయాణికుల గదులలో కూడ బొగ్గే పోయవలసి వచ్చింది. అయినను అది గమ్యం చేరింది. గాలి కొరకు ఎదురుచూడక ఎఱ్ఱసముద్రం మీదుగా ఐరోపాకు ఉత్తరాలు పంపవచ్చునని దానితో రుజువైంది. అదే సంవత్సరం బొంబాయి మెరైన్ అనే పాత నౌకాదళం పేరు ఇండియన్ నేవీగా మారింది. 1839లో బొగ్గు నిల్వల రేవు కొరకే కంపెనీవారు ఏడెన్‌ను ఆక్రమించారు. ఓడలు పెరిగాయి, వాటిలోని ఇంజన్లు పెరిగాయి. కాని ఒక ఇరుసు విరిగితే, ఒక సిలిండరు పగిలితే ఎవరు బాగుచేయాలి? ఇంగ్లండు నుండి మరొకటి వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. బొంబాయిలోనే పోతపోయగలవారు, చెక్కగలవారు, బిగించగలవారు కావలసి వచ్చింది.

యువకుడైన అర్దసీర్ ఈ అవసరాన్ని ఎవరూ చెప్పకముందే గ్రహించారనిపిస్తుంది. తన ఇంటనే ఒక చిన్న పోత కర్మాగారాన్ని నెలకొల్పుకొన్నారు. ఒక్క అశ్వశక్తి గల చిన్న ఆవిరి ఇంజనును తయారుచేసి దానితో నూతినీటిని తోడించారు. 1833లో ఇండస్ అనే 60 టన్నుల ఓడను నీట దింపి, దానికి ఆవిరి ఇంజనును తానే అమర్చారు. మరుసటి ఏడు, 1834లో, మజగావ్‌లోని తమ ఇంటిని, తోటను గ్యాసు దీపాలతో వెలిగించారు. నగరం ఆ వింతను చూడటానికి తరలివచ్చిందట. గవర్నరు క్లేర్ ప్రభువు స్వయంగా వచ్చి చూచి, ఆయనకు ఖిలత్ బహూకరించారు. బొంబాయి వీధులకు గ్యాసు దీపాలు వచ్చినది 1865లో. అనగా ఒక వ్యక్తి తన సొంత ధనంతో చేసి చూపిన పనిని నగరం చేసుకొనడానికి ముప్పది సంవత్సరాలు పైగా పట్టిందన్నమాట.

స్వయంకృషితో నేర్చిన విద్యకు ఒక హద్దు ఉంటుంది. అది ఆయనకు తెలుసు. పెద్ద ఇంజన్లు తయారయ్యే చోటికి పోయి చూడాలని సంకల్పించారు. ఆయన బంధువులు జహంగీర్ నౌరోజీ, హిర్జీభాయ్ మెర్వాన్‌జీ అనే ఇద్దరు యువకులు 1838లోనే ఇంగ్లండు వెళ్ళి, చాథమ్‌లోని రాజనౌకాదళపు డాక్‌యార్డులో ఓడల నిర్మాణం అభ్యసిస్తున్నారు. 1839లో అర్దసీర్ ఎఱ్ఱసముద్రం, ఈజిప్టు మీదుగా ప్రయాణం చేసి లండను చేరారు. దారిలోను, ఇంగ్లండులోను చూచిన విశేషాలను దినచర్యగా వ్రాసుకొన్నారు. అది 1840లో లండనులో ముద్రితమైంది. విక్టోరియా రాణి దర్శనం కూడ లభించింది. కాని ఆయన అక్కడ గడిపిన కాలంలో నాకు ముఖ్యమనిపించేది దర్బారు కాదు, కర్మాగారం. అప్పటికే డాక్‌యార్డులో పదిహేడేండ్ల అనుభవం గల మనిషి, తన ఊరిలో పేరుపొందిన మనిషి, మరల విద్యార్థియై ఓడ ఇంజన్ల తయారీని దగ్గరగా నేర్చుకొన్నాడు.

ఆ విద్య చూచి లండనులోని కంపెనీ డైరెక్టర్లు ఆయనకు ఉద్యోగం ఇచ్చారు. చిన్న ఉద్యోగం కాదు. బొంబాయిలోని కంపెనీ ఆవిరియంత్ర కర్మాగారానికి, పోతశాలకు ప్రధాన ఇంజనీరు, యంత్రాల పరీక్షాధికారి. వేతనం సంవత్సరానికి 600 పౌనులు. 1841 ఏప్రిల్ 1న ఆయన ఆ బాధ్యత స్వీకరించారు. ఆయన క్రింద ఒక ముఖ్య సహాయకుడు, నలుగురు ఐరోపా ఫోర్‌మన్‌లు, నూరుమంది ఐరోపా ఇంజనీర్లు, బాయిలరు పనివారు, సుమారు రెండు వందల మంది దేశీయ పనివారు ఉండేవారు.

పై లెక్కను మరొకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. నూరుమంది ఐరోపావారు, వారి మీద అధికారి ఒక భారతీయుడు, సంవత్సరం 1841. ఆనాటి భారతదేశంలో ఇది దాదాపు ఊహకందని సంగతి. బొంబాయిలోని ఒక ఆంగ్ల వార్తాపత్రిక దీనిపై బాహాటంగా అభ్యంతరం తెలిపింది. ఎంతటి సమర్థుడైనను, ఎంత చదివినవాడైనను, ఒక దేశీయుడు ఆంగ్ల పనివారిని ఆజ్ఞాపించి అదుపులో ఉంచగలడా అన్నది ఆ పత్రిక సందేహం. గమనించండి, ఆయనకు ఇంజన్లు తెలియవని ఎవరూ అనలేదు. చర్మం రంగు వేరైన మనిషి చెప్పిన మాటను కమ్మరి, రివిట్లు కొట్టేవాడు వింటాడా అన్నదే ప్రశ్న. దీనికి పత్రికలో సమాధానం వ్రాసి లాభం లేదు. రోజూ ఉదయం కర్మాగారం తలుపు తెరిచి పని చేయించడమే సమాధానం. ఆయన ఆ పదవిలో పదహారు సంవత్సరాలు ఉన్నారు.

ఆ పని ఎంత బరువైనదో నేటి పాఠకులకు ఊహించడం కష్టం గనుక కొంత చెప్పుతాను. ఆ కాలపు ఓడ బాయిలర్లు సముద్రపు నీటినే మరిగించేవి. నీరు ఆవిరియై పోగా ఉప్పు మిగిలి ఇనుప రేకులకు పెచ్చుగా పట్టేది. పెచ్చు మందమైతే వేడి నీటికి అందక రేకు ఎఱ్ఱగా కాలి ఉబ్బిపోతుంది, తరువాత చిల్లిపడుతుంది. అందుచేత ప్రయాణంలో మధ్య మధ్య చిక్కని ఉప్పునీటిని బయటికి వదలి క్రొత్త నీరు నింపాలి. రేవుకు చేరగానే మనుషులు లోపలికి దూరి సుత్తులతో పెచ్చు రాల్చాలి. ఇంత చేసినను కొద్ది సంవత్సరాలకే బాయిలరు పాడై, మొత్తంగా బయటికి తీయవలసి వచ్చేది.

బయటికి తీయడమంటే ఎట్లా? ఇప్పటివలె మీట నొక్కితే కదలే క్రేనులు లేవు. ఆనాటి డాక్‌యార్డులలో రెండు పొడవాటి ఓడకొయ్యలను పైకొనల వద్ద కలిపి కట్టి, అడుగులను దూరంగా ఉంచి, నీటి వైపు వాల్చి నిలిపేవారు. అవి పడిపోకుండ వెనుక నుండి మోకులతో లాగి కట్టేవారు. కూడలి వద్ద పెద్ద కప్పీలు వ్రేలాడేవి. వాటి గుండా పోయిన త్రాటిని క్రింద ఒక నిలువు మరకు చుట్టి, పదులకొలది ఖలాసీలు చుట్టూ తిరుగుతూ దానిని త్రిప్పితే, బరువు అంగుళం అంగుళంగా లేచేది. కొయ్యలు ఎంత ముందుకు వాలితే వెనుక మోకు మీద పడే లాగుడు అంత హెచ్చుతుంది. బాయిలరు ఓడ నడుమ ఉంటుంది కనుక వాల్చక తప్పదు. త్రాడు నాననీయరాదు, గొలుసు లంకెలో పగులుండరాదు, కేకవేసేవాడు ఒక్కడే ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా బరువు ఓడ అడుగును చీల్చుకొని పోతుంది, దానితోపాటు మనుషులు కూడ.

అర్దసీర్ పదవిలో ఉన్న ఆ పదహారేండ్లలోనే ఈ విద్య రూపురేఖలు మారిపోయాయి. 1846లో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూకాసిల్ రేవులో నీటి ఒత్తిడితో పనిచేసే క్రేనును నడిపి చూపారు. 1850లో విలియం ఫెయిర్‌బేర్న్, ఇనుప రేకులను రివిట్లతో కూర్చి కొంగమెడ వలె వంచిన బోలు దూలంతో క్రేనుకు హక్కుపత్రం పొందారు. ఆ వంపు ఎందుకంటే, తిన్నని దూలమైతే ఎత్తైన బరువుకు దూలమే అడ్డువస్తుంది. వంగినదైతే క్రింద చోటు మిగులుతుంది. ఇంగ్లండులోని నౌకాదళపు డాక్‌యార్డులు అట్టి క్రేనులను నెలకొల్పుకొన్నాయి. 1880 దశకంలో ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ వెనిస్ నౌకాదళ ఆయుధశాలకు చేసి ఇచ్చిన 160 టన్నుల క్రేను నేటికీ అక్కడ నిలిచి ఉన్నది. బలం మనుషుల భుజాల నుండి యంత్రానికి మారింది. పరీక్షించేవాని బాధ్యత మాత్రం తగ్గలేదు, హెచ్చింది. 2020 ఆగస్టు 1న మన విశాఖపట్నం నౌకానిర్మాణ కేంద్రంలో ఒక పెద్ద క్రేనును భారం వేసి పరీక్షిస్తూ ఉండగా అది కూలి పదకొండు మంది ప్రాణాలు కోల్పోయారు. యంత్రాల పరీక్షాధికారి అనే పదవి కాగితం మీద సంతకం వంటిది కాదని చెప్పడానికే దీనిని ఇక్కడ తలచుకొన్నాను.

ఆయన బొంబాయిలో బాధ్యతలు స్వీకరించిన రెండు నెలలలోపే, 1841 మే 27న, లండనులోని రాయల్ సొసైటీ అర్దసీర్‌ను తన సభ్యునిగా ఎన్నుకొన్నది. ఎఫ్.ఆర్.ఎస్. అనే ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడు ఆయనయే. మనలో చాలామందికి ఈ సందర్భంలో శ్రీనివాస రామానుజన్ పేరు స్ఫురిస్తుంది. రామానుజన్‌కు ఆ గౌరవం లభించినది 1918లో, అనగా డెబ్బది ఏడు సంవత్సరాల తరువాత. ఇద్దరినీ పోల్చడం తగదు. రామానుజన్ గణితంలో క్రొత్త సత్యాలు కనుగొన్న మేధావి. అర్దసీర్ క్రొత్త సిద్ధాంతమేదీ కనుగొనలేదు. గ్యాసు దీపం, ఆవిరి ఓడ, అన్నీ అంతకుముందే ఇంగ్లండులో ఉన్నవే. వాటిని వేరొక నేలమీద, ఆ నేల మనుషుల చేతులతో నిలబెట్టడమే ఆయన చేసిన పని. దీనిని తక్కువ పని అనుకొనేవారు ఒక్కసారి ఏదైనా యంత్రాన్ని మొదటి నుండి చివరి వరకు స్వయంగా బిగించి చూడాలని నా మనవి.

1849లో ఆయన అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వెళ్ళి, అక్కడి కొయ్యకోత యంత్రాలను చూచి ముచ్చటపడి, కొన్నింటిని బొంబాయికి తెప్పించారు. వడ్రంగుల వంశంలో పుట్టినవాడు రంపపు యంత్రాన్ని స్వదేశానికి తెచ్చాడు! దాని వలన చేతిరంపపు పనివారికి ఏమి కలిగిందో ఆలోచించదగిన విషయమే. కుట్టుమిషను, ఛాయాచిత్రకళ, విద్యుత్తుతో లోహపుపూత వంటి వాటిని బొంబాయికి పరిచయం చేసినవారిలో కూడ ఆయన పేరు చెప్పుతారు. 1851లో లవ్‌జీ ఫ్యామిలీ అనే ఆవిరి ఓడను నీట దింపారు. దాని యంత్రభాగాలన్నీ తమ ఇంటి పోత కర్మాగారంలోనే తయారైనవి. ఓడకు వంశ మూలపురుషుని పేరు పెట్టడంలో ఆయన మనస్సు కనిపిస్తుంది. లవ్‌జీ కొయ్యతో ఆరంభించినదానిని ఆ వంశజుడు ఇనుముతో కొనసాగించాడు. బొంబాయి నుండి ఠాణాకు తొలి రైలు నడిచినది 1853లో అని గుర్తుంచుకొంటే, ఈ దేశంలో ఆవిరి విద్యకు ఆయన ఎంత ముందుగా చేయివేశారో తెలుస్తుంది.

1855లో ఆయన నగరంలో జస్టిస్ ఆఫ్ ది పీస్ అయ్యారు. 1857 ఆగస్టు 1న ఉద్యోగ విరమణ చేశారు. ఉత్తర భారతం అప్పుడు తిరుగుబాటు జ్వాలలలో ఉన్నది. మరుసటి ఏడు కంపెనీ పాలనయే అంతరించింది. ఆయన సేవించిన ఇండియన్ నేవీ కూడ 1863లో రద్దయింది. అర్దసీర్ ఇంగ్లండు చేరి, లండను సమీపంలోని రిచ్‌మండ్‌లో స్థిరపడ్డారు.

ఆయన సొంత జీవితంలోని ఒక సంగతిని దాచి వ్రాయడం నాకు ఇష్టం లేదు. బొంబాయిలో ఆయనకు స్వజాతి భార్య, పిల్లలు ఉన్నారు. ఒక ఆంగ్ల వనితతో కూడ ఆయనకు సంసారం ఏర్పడి సంతానం కలిగింది. చివరి జీవితం ఆమెతో రిచ్‌మండ్‌లోనే గడిచింది. కట్టుబాట్లు గట్టిగా పాటించే పారశీక సమాజంలో ఇది ఎవరికి ఎంత నొప్పి కలిగించిందో ఊహించవచ్చును. జీవిత చరిత్రలు వ్రాసేవారు ఇట్టి విషయాలను దాటవేయడం మన దేశంలో పరిపాటి. కాని రెండు దేశాల మధ్య పనిచేసిన మనిషి రెండు ఇండ్ల మధ్య చీలిపోవడం ఆయన కథలో భాగమే. డాక్‌యార్డులో ఆయన గెలుచుకొన్న స్థానానికి చెల్లించిన మూల్యంలో ఇది కూడ ఒకటేమో.

1861లో మరొకసారి పని ఆయనను పిలిచింది. ఆ సంవత్సరమే కరాచీ నుండి కోట్రీ వరకు రైలుమార్గం ప్రారంభమైంది. కోట్రీ నుండి సింధు నదిపై ఎగువకు ఆవిరి పడవలు నడిపేందుకు ఇండస్ ఫ్లోటిల్లా కంపెనీ ఏర్పడి ఉన్నది. దానికి ప్రధాన ఇంజనీరుగా అర్దసీర్ సింధు ప్రాంతానికి వచ్చారు. ఏటేటా దారి మార్చుకొనే నది, ఇసుక మేటలు, తీవ్రమైన ఎండ. యాబది మూడేండ్ల వయస్సులో అది తేలిక ఉద్యోగం కాదు. ఇరవై ఎనిమిదేండ్ల క్రితం తన మొదటి ఆవిరి ఓడకు ఆయన పెట్టిన పేరు ఇండస్. ఇప్పుడు ఆ నది మీదనే చివరి కొలువు. 1863లో దానిని విడిచి తిరిగి రిచ్‌మండ్ చేరారు. అక్కడే 1877 నవంబరు 16న మరణించారు.

బొంబాయిలో వాడియాలు పనిచేసిన డాక్‌యార్డు స్వతంత్ర భారత నౌకాదళానిదైంది. 1969 మే 27న, రాయల్ సొసైటీ ఎన్నిక జరిగిన తేదీననే, భారత తపాలా శాఖ అర్దసీర్ కర్సెట్‌జీ పేర ఒక తపాలా బిళ్ళను విడుదల చేసింది. బిళ్ళలు సేకరించే అలవాటు గల విద్యార్థులు పాత ఆల్బములలో వెదకితే అది దొరకవచ్చును.